ఈ నెల చూసినవి: తప్పు సినిమాదా, టీవీదా?

మూడోవరస
ఈ నెల ఇంట్లో నాలుగు చూశా. పేర్లు రాస్తే రెండో పేజీకల్లా ఫ్యాన్ వార్ అవుతుంది, అందుకే రాయట్లేదు. ఒకటి గూఢచారి కథ, ఒకటి రాత్రంతా అడవిలో నడిచే థ్రిల్లర్, ఒకటి భారీ యుద్ధం సినిమా, నాలుగోది పాత నలుపు తెలుపు పౌరాణికం.

గూఢచారి గుసగుసలు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాల్యూమ్ 40కి పెంచగానే కారు పేలింది. థ్రిల్లర్‌లో ఇరవై నిమిషాలు నల్లటి తెర, అందులో నా మొహం. యుద్ధం సినిమా అంత ఖర్చు పెట్టి తీసీ మధ్యాహ్నం సీరియల్‌లా ఉంది. పౌరాణికంలో కృష్ణుడు లావుగా ఉన్నాడు. ఇలాగే తీశారా, లేక చూడ్డంలోనే ఏదో తేడా ఉందా?

ఇంటర్వెల్‌బెల్
కృష్ణుడు లావెక్కాడంటే పాపం నటుడిది కాదు గురూ, రిమోట్‌ది.

రీలుపెట్టె
యుద్ధం సినిమా సంగతి ముందు తేల్చేద్దాం, అది సులువు. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేముల్లో. ఇప్పటి టీవీలు చాలావరకు, రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని తామే అల్లి దూర్చే ఆప్షన్ ఆన్‌లో పెట్టుకునే అట్టపెట్టెలోంచి బయటికొస్తాయి. సోనీలో దాని పేరు మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. వీడియో కెమెరాతో తీసిన పాత సీరియళ్లలో సెకనుకి 50 సార్లు బొమ్మ మారేది. ఆ నున్నటి కదలికకి కళ్లు అలవాటుపడ్డాయి కాబట్టి అలాంటిది కనపడగానే మెదడు 'సీరియల్' అని ముద్ర వేసేస్తుంది.

టీవీ అల్లిందో కాదో పట్టుకోవాలంటే, మనిషి కిటికీ ఊచల ముందు నుంచో, కంచె ముందు నుంచో నడిచే షాట్ చూడండి. ఒంటి చుట్టూ నీళ్లలా వణికే అంచు కనిపిస్తుంది, మనిషి దాటుతుంటే ఊచ వంగి మళ్లీ నిటారవుతుంది. గిర్రున తిప్పే కత్తైతే మధ్యలో విరిగి అతుక్కుంటుంది. ఇవి కనపడితే అవి టీవీ సొంత కవిత్వమే.

పిక్చర్ మోడ్‌ని 'సినిమా'కో 'ఫిల్మ్‌మేకర్'కో మార్చండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ అనేది 2019లో యూహెచ్‌డీ అలయన్స్ (టీవీ కంపెనీలు, స్టూడియోల కూటమి) ప్రకటించింది. అది ఈ ఫ్రేముల అల్లిక, అదనపు షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ అన్నీ ఒక్క దెబ్బకి ఆపేస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: చాలా టీవీల్లో సెట్టింగులు ఒక్కో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుకీ వేరు, మామూలు బొమ్మకీ, హెచ్‌డీఆర్‌కీ (వెలుగు నీడల తేడాని ఇంకా ఎక్కువగా చూపించే బొమ్మ), అందులోనే ఒక రకమైన డాల్బీ విజన్‌కీ వేరు. ఒకచోట ఆపి 'ఆపేశాను' అనుకుంటే ఇంకోచోట అది హాయిగా నడుస్తూ ఉంటుంది. హెచ్‌డీఆర్ సినిమా ఆడుతుండగానే మెనూలోకి వెళ్లి ఇంకోసారి ఆపాలి.

నల్లతెర
ఆపాక మొదటి పది నిమిషాలు బొమ్మ కుదుపుగా అనిపిస్తుంది. భయపడి మళ్లీ ఆన్ చేయకండి.

ఇరవైనాలుగు
కుదుపు అంతా భ్రమేం కాదు. ప్యానెల్ (టీవీ తెర) 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ చూపించేది అయితే, 60ని 24తో భాగిస్తే రెండున్నర. అరసారి చూపించడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేముని మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపిస్తుంది. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్లలో ఆ కుంటినడక బయటపడుతుంది. 120 హెర్ట్జ్ ప్యానెల్‌కి ఒక్కో ఫ్రేము సరిగ్గా ఐదుసార్లు వస్తుంది, లెక్క సరిపోతుంది. టీవీకి బయట తగిలించిన స్ట్రీమింగ్ స్టిక్‌లోంచి చూసేవాళ్లు అందులో 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' కూడా ఆన్ చేయాలి. లేకపోతే టీవీ ఎంత మంచిదైనా దాని చేతికి అప్పటికే 60గా మారిపోయిన సరుకే వస్తుంది.

ఇంకో రకం కుదుపు టీవీది కాదు, కెమెరామన్‌ది. 24 ఫ్రేముల్లో తీసేటప్పుడు ఒక వస్తువు తెర ఈ చివర నుంచి ఆ చివరకి రావడానికి ఏడు సెకన్లైనా పట్టేలా ప్యాన్ చేయాలని (కెమెరాని పక్కకి తిప్పాలని) ఛాయాగ్రాహకుల్లో ఒక లెక్క ఉంది. మూడు సెకన్లలో తిప్పేస్తే ఏ తెర మీదైనా టకటకలాడుతుంది.

బాల్కనీబాబు
24 ఏమన్నా వేదమా? 2012లో 'హాబిట్' 48లో తీశారు. 2022లో వచ్చిన 'అవతార్' రెండో భాగంలోనూ కొన్నిచోట్ల 48 వాడారు. దర్శకులే నునుపు కోరుకుంటుంటే టీవీ చేస్తే తప్పొచ్చిందా?

రీలుపెట్టె
@బాల్కనీబాబు కెమెరా నిజంగా పట్టుకున్న 48కీ, టీవీ ఊహించి అతికించే 48కీ తేడా లేదా? ఒకటి సాక్ష్యం, ఇంకోటి పుకారు. పైగా నువ్వు చెప్పిన 'హాబిట్' చూసి చాలామంది అన్న మాట కూడా 'సీరియల్‌లా ఉంది' అనే. వాదన నీ మీదే తిరిగింది.

బాల్కనీబాబు
సరే, క్రికెట్‌కి మాత్రం ఆన్‌లో ఉంచుకుంటా.

సెంటర్‌స్పీకర్
ఇక గూఢచారి గుసగుసలు. 5.1 మిక్స్‌లో (ఐదు స్పీకర్లకి, ఒక బేస్ స్పీకర్‌కి విడివిడిగా కూర్చిన శబ్దం) మాటలు దాదాపు మొత్తం మధ్య ఛానెల్లోనే ఉంటాయి. టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. కాబట్టి మధ్య ఛానెల్‌ని 3 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) తగ్గించి ఎడమకీ కుడికీ పంచుతుంది. అక్కడ అప్పటికే సంగీతం, ఎఫెక్టులు కూర్చుని ఉన్నాయి. వెనక ఛానెళ్ల వాన, గాలి కూడా అక్కడికే చేరతాయి. మాట వాటి మధ్య నలిగిపోతుంది.

దానికి తోడు టీవీ స్పీకర్లు ఎక్కువగా కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి. స, శ, త, క లాంటి హల్లుల స్పష్టత పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. అవి గోడకి కొట్టుకుని చెదిరిపోతాయి, అచ్చులు మాత్రం దిట్టంగా వస్తాయి. అందుకే ఏదో అన్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. ఇలాంటప్పుడు వాల్యూమ్ పెంచితే అచ్చులే ఇంకా పెద్దగా వినపడతాయి.

రెండోది స్థాయి. థియేటర్ మిక్స్ చేసే గదిలో రిఫరెన్స్ (ప్రామాణిక స్థాయి) 85 డీబీ, ముందు ఛానెల్ ఒక్కొక్కటి 105 దాకా లేవగలదు. ఇంట్లో అంతకంటే 20 డీబీ తక్కువలో వింటాం. పేలుడు 20 తగ్గితే పేలుడుగానే ఉంటుంది, గుసగుస 20 తగ్గితే ఫ్యాన్ చప్పుడు కింద మునిగిపోతుంది.

చేయాల్సింది ఈ వరసలో చేయండి. సినిమా ఆడియో మెనూలో 5.1 బదులు స్టీరియో (రెండే ఛానెళ్ల) ట్రాక్ ఉందేమో చూడండి, ఉంటే అదే పెట్టండి. సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి. లేకపోతే 'నైట్ మోడ్' లేదా 'డైనమిక్ రేంజ్' అని ఉన్నదాన్ని ఆన్ చేయండి, పెద్ద చప్పుళ్లని అణిచి చిన్నవాటిని లేపుతుంది. 'సరౌండ్', '3డీ సౌండ్' లాంటివి ఏవి ఉన్నా ఆపేయండి. అవి మాటని గదంతా వెదజల్లుతాయి. సౌండ్‌బార్ కొనే ఉద్దేశం ఉంటే 2.1 వద్దు, 3.1 చూడండి. ఆ మూడోదే మాటల స్పీకర్, దాన్ని విడిగా 3 డీబీ పెంచుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాక వైరున్న ఇయర్‌ఫోన్స్‌లో అదే సీను స్టీరియోలో వినండి. అక్కడా అర్థం కాకపోతే మిక్సింగ్‌ని నిర్భయంగా తిట్టొచ్చు.

ఇంటర్వెల్‌బెల్
అచ్చులు మిగిలి హల్లులు పోవడం... మా హీరో డిక్షన్‌ని ఇంత శాస్త్రీయంగా ఎవరూ చెప్పలేదు.

వైర్లచిక్కు
సెంటర్‌స్పీకర్ చెప్పినదానికి కేబుల్ సంగతి కలుపుతా. సౌండ్‌బార్‌ని ఆప్టికల్ తీగతో కలిపితే డాల్బీ డిజిటల్ 5.1 వెళ్తుంది, దాని తర్వాతి రూపమైన డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు. ఓటీటీలు ఎక్కువగా ఇచ్చేది ఆ ప్లస్సే. దాన్ని టీవీ మామూలు డాల్బీకి మార్చి ఇవ్వాలి, లేదంటే రెండు ఛానెళ్లకి కుదిస్తుంది. రెండూ చేతకాకపోతే శబ్దమే రాదు. హెచ్‌డీఎమ్‌ఐ ఆర్క్ పోర్టు (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపేది) వాడండి, ప్లస్ దాటుతుంది. డిస్కుల్లోని ట్రూహెచ్‌డీకి (కుదింపులో ఏమీ పోని శబ్దం) మాత్రం ఆర్క్ కొత్త రూపమైన ఈఆర్క్ కావాలి. టీవీ వెనకాల ఉన్న పోర్టులన్నీ ఆర్క్ కావు, పక్కన ఆ పేరు రాసి ఉన్న దాంట్లోనే పెట్టాలి.

తూకంరాయి
నెట్‌ఫ్లిక్స్ తన దగ్గరికొచ్చే మిక్సుల్లో మాటల సగటు స్థాయి −27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (చెవికి శబ్దం ఎంత పెద్దగా వినపడుతుందో కొలిచే యూనిట్) ఉండాలంటుంది, అటూ ఇటూ 2 తేడా ఒప్పుకుంటుంది. గమనించండి, కొలిచేది మాటలని. కాబట్టి అదే యాప్‌లో ఒక సినిమాకి 15, ఇంకోదానికి 30 వాల్యూమ్ కావాల్సి వస్తే ముందు ట్రాక్ ఎంపికని, సౌండ్‌బార్‌ని అనుమానించండి. చప్పుళ్లు మాటలకంటే ఎంత ఎత్తున ఉండాలన్నది మాత్రం మిక్స్ చేసేవాళ్ల ఇష్టం, గొడవంతా అక్కడ.

చీకటిహాలు
అడవి థ్రిల్లర్ గురించి. 'అందులో నా మొహం' అన్నావు చూశావా, సగం జవాబు అదే. నీ వెనక లైటు వెలుగుతోంది. అది ఆపు, లేదా టీవీ వెనక్కి మార్చు.

తర్వాత పవర్ సేవింగ్, గది వెలుతురుని బట్టి సర్దుకునే సెన్సర్, రెండూ ఆపాలి. లైట్లు తీసేస్తే సెన్సర్ కూడా 'చీకటైంది, నేనూ తగ్గుతా' అంటుంది. రాత్రి సీన్లని మింగేది ఎక్కువగా అదే.

ఇప్పుడు హెచ్‌డీఆర్. ఇందులో ప్రతి వెలుగుకీ ఖచ్చితమైన నిట్స్ (తెర వెలుగుకి కొలత) లెక్క రాసి ఉంటుంది. 1000 నిట్స్ లెక్కన సిద్ధం చేసిన బొమ్మని 300 నిట్స్ ప్యానెల్ చూపించాలంటే ఎక్కడో కోత పెట్టాలి. కొన్ని టీవీలు వెలుగుల్ని కాపాడ్డానికి మొత్తం బొమ్మని కిందకి నొక్కేస్తాయి. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని రాసున్నంత మాత్రాన ప్యానెల్‌కి ఆ సత్తా ఉన్నట్టు కాదు. అలాంటి టీవీలో 'డైనమిక్ టోన్ మ్యాపింగ్' (సీనుని బట్టి వెలుగుని ప్యానెల్ సత్తాకి సర్దేది) ఆన్ చేసి చూడండి. అప్పటికీ తేలకపోతే హెచ్‌డీఆర్ ఆపి మామూలు వెర్షనే చూడండి, నామోషీ ఏం లేదు.

మూడో దొంగ బ్లాక్ లెవెల్. వెలుగుని అంకెల్లో రాసేటప్పుడు వీడియోలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది, కంప్యూటర్ లెక్క 0 నుంచి 255. పంపేది ఒక లెక్కలో, టీవీ చదివేది ఇంకో లెక్కలో అయితే రెండు రకాలుగా చెడుతుంది. సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి) బొమ్మకి పైనా కిందా ఉండే నల్ల పట్టీలు బూడిదరంగులో ఉంటే ఒక తప్పు. పట్టీలు నల్లగానే ఉండి రాత్రి ఆకాశం ముందు నటుడి జుట్టు ఎక్కడ మొదలైందో తెలియకపోతే రెండో తప్పు. సరిగ్గా ఉన్న బొమ్మలో జుట్టు అంచు, నల్లకోటు మడత విడిగా కనపడతాయి. ప్లేయర్‌లోనూ టీవీలోనూ రెండు చోట్లా 'లిమిటెడ్', లేదా రెండు చోట్లా 'ఫుల్' ఉండాలి, అంతే.

నల్లతెర
ఇంకోటి. చాలా బ్రాండ్లలో 'బ్రైట్‌నెస్' అంటే వెలుగు కాదు, నలుపు ఎక్కడ మొదలవ్వాలన్నది. దాన్ని పెంచితే చీకటి సీను వెలగదు, పొగ కమ్ముతుంది. వెలుగు కావాలంటే 'బ్యాక్‌లైట్'. సోనీ కొత్త టీవీల్లో మాత్రం బ్రైట్‌నెస్ అంటేనే వెలుగు, నలుపుకి 'బ్లాక్ లెవెల్' అని వేరే ఉంది. అర్థం చేసుకుని ముట్టుకోండి.

మూడోవరస
చీకట్లో గోడల మీద మెట్లు మెట్లుగా వలయాలు కనిపించాయి. అదీ సెట్టింగేనా?

నల్లతెర
అది డేటా కరువు. 4కే స్ట్రీమింగ్ సెకనుకి 15 మెగాబిట్ల చుట్టుపక్కల నడుస్తుంది. 4కే డిస్కు 128 దాకా పోగలదు. హాలుకి వెళ్లే డిజిటల్ ప్రింటుకి పరిమితి 250. ఎక్కడో కోయాలి కదా. కళ్లు పెద్దగా పట్టించుకోవన్న నమ్మకంతో ముందు చీకటినీ, పొగమంచునీ, నీళ్లనీ కోస్తారు. అడవి, రాత్రి, మంచు మూడూ ఉన్న సినిమా అంటే మరి...

ఇరవైనాలుగు
ఫోన్లో చూసి 'గ్రాఫిక్స్ పేలవం' అని రాసేవాళ్లు ఒక్కసారి ఫోన్‌లో వైడ్‌వైన్ (కాపీ కాకుండా కాపలా కాసే ఏర్పాటు) స్థాయి చూసుకోండి. ఎల్1 అయితే హెచ్‌డీ వస్తుంది. ఎల్3 అయితే తెర ఎంత ఖరీదైనదైనా ఓటీటీలు చాలావరకు బొమ్మని 480 గీతల దగ్గర ఆపేస్తాయి. ప్లే స్టోర్‌లో దొరికే డీఆర్‌ఎమ్ ఇన్ఫో లాంటి యాప్‌లో తెలుస్తుంది.

గుండ్రంచందమామ
కృష్ణుడి దగ్గరికి ఎవరూ రావట్లేదు, నేనొస్తా.

తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. అంతకుముందు తెలుగు సినిమాలు దాదాపు అన్నీ చదరానికి దగ్గరగా ఉండే 1.37 కొలతలోవే (ఎత్తుకి 1.37 రెట్లు వెడల్పు). అంటే ఇప్పటి టీవీలో వాటికి ఎడమా కుడీ నల్ల ఖాళీలు ఉండి తీరాలి. 1974 ముందు సినిమా మీ టీవీని అంచుల దాకా నింపేసిందంటే రెండే జరిగాయి: అడ్డంగా సాగదీశారు, లేదా పైనా కిందా కోశారు.

సాగదీస్తే వెడల్పు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అదీ కృష్ణుడి లావు. కోస్తే ఎత్తులో దాదాపు పావు వంతు పోతుంది, కిరీటాలూ పాదాలూ గల్లంతు. ఏది జరిగిందో తెలియాలంటే గుండ్రటి వస్తువు చూడండి: బొట్టు, రథచక్రం, పున్నమి చంద్రుడు. కోడిగుడ్డులా ఉంటే సాగింది, గుండ్రంగానే ఉండి తల తెగితే కోసింది. సాగింది రిమోట్‌లో 'ఒరిజినల్' లేదా '4:3' పెడితే చాలావరకు సరవుతుంది. ఎక్కించినవాళ్లే కోసి ఉంటే మన చేతిలో ఏమీ లేదు.

1957 నాటి 'మాయాబజార్'కి 2010లో రంగులద్దినప్పుడు స్కోప్‌కి కూడా మార్చారు. లెక్కేయండి, 1.37 ఫ్రేముతో 2.35 వెడల్పు నిండాలంటే సాగదీయకుండా అయితే ఎత్తులో 40 శాతం పైగా వదులుకోవాలి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ లైటింగ్ చూడాలనుకున్నవాళ్లు నలుపు తెలుపు ప్రతే చూడండి. రంగులు బాగున్నాయా లేదా అన్నది వేరే తగువు.

టైటిల్స్‌దాకా
రంగుల ప్రతి వల్లే కొత్త తరం చూసింది మాస్టారూ. నలుపు తెలుపు అనగానే ఛానెల్ మార్చేవాళ్లకి కిరీటం తెగినా పర్లేదు.

గుండ్రంచందమామ
చూడొద్దనలేదు. అది చూసి ఫ్రేమింగ్ మీద రివ్యూ రాయొద్దన్నా.

ఇరవైనాలుగు
పాతవాటిలో ఇంకో తమాషా. రాత్రి సీన్లని పట్టపగలు తీసి, ఫిల్టరు పెట్టి, ఎక్స్‌పోజర్ తగ్గించి రాత్రిలా చూపించేవారు. అలాంటి సీనుని 'వివిడ్' మోడ్‌లో చూస్తే మళ్లీ పగలైపోతుంది. నేల మీద నీడలు నల్లగా, అంచులు కోసినట్టు ఉండి, హీరోయిన్ మాత్రం 'ఎంత చీకటి' అంటుంటుంది. సినిమా మోడ్‌కి మారిస్తే సగం పరువు దక్కుతుంది.

టైటిల్స్‌దాకా
ఇంత గోల ఎందుకు, హాల్లో చూస్తే పోదా?

చీకటిహాలు
హాలు కూడా ఒక సెట్టింగే. తెర మీద తెలుపు 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు, అంటే 48 నిట్స్ ఉండాలి. లాంప్ పాతబడితే అందులో సగానికి పడిపోతుంది. 3డీ సినిమాకి బిగించిన సరంజామా తీయకుండా 2డీ వేస్తే ఇంకా మసక. శబ్దానికి ఫేడర్ (హాలు వాల్యూమ్ మీట) 7 దగ్గర ఉండాలి. 'చెవులు పోతున్నాయి' అని ఎవరో అంటే 5కి దించేస్తారు, దాంతో మాటలూ దిగిపోతాయి. కూర్చునే చోటు కూడా: మిక్స్ చేసేవాళ్లు కూర్చునేది తెర నుంచి హాలు పొడవులో సుమారు మూడింట రెండు వంతుల దూరంలో, మధ్యలో. పక్క గోడ ఆనుకుని కూర్చుంటే వినపడేది వాన ఒక్కటే.

ఇంటర్వెల్‌బెల్
మూడోవరసకి ఇది వ్యక్తిగతంగా తగిలి ఉంటుంది.

కిందిఅక్షరాలు
సబ్‌టైటిల్స్ గురించి ఎవరూ అనలేదు. తేడా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే జరపాలి. కంప్యూటర్‌లోని వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలు ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుపుతాయి. మొదట సరిగ్గా ఉండి పోనుపోను దూరమవుతుంటే జరిపి లాభం లేదు, అది ఫ్రేము రేటు తేడా. 25 లెక్కన రాసిన ఫైల్‌ని 23.976 సినిమాకి తగిలిస్తే గంటన్నర సినిమాలో చివరికి నాలుగు నిమిషాలు తప్పుతుంది. ఫైల్‌లోని సమయాలన్నిటినీ 1.0427తో గుణించాలి, సబ్‌టైటిల్ ఎడిటర్లలో 'చేంజ్ ఫ్రేమ్ రేట్' ఆ పనే చేస్తుంది.

పాత పాల్ (సెకనుకి 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీల్లో 150 నిమిషాల సినిమా 144 నిమిషాలే ఉండటానికీ కారణం ఇదే. సెన్సారు కోతలు కావు, 24ని 25గా పరిగెత్తించారు. పాట శ్రుతి కూడా కొంచెం పెరిగి ఉంటుంది.

వైర్లచిక్కు
పెదాలకీ మాటకీ పొత్తు కుదరకపోతే పెదాలు చూసి సరిచేయకండి. డబ్బింగ్ అయితే అవి ఎప్పటికీ కుదరవు. తలుపు వేయడం, గ్లాసు బల్ల మీద పెట్టడం, చప్పట్లు, అలాంటి షాట్ పట్టుకోండి. శబ్దం ముందొస్తే 45 మిల్లీసెకన్లకే తెలిసిపోతుంది, వెనకొస్తే 125 దాకా మెదడు సర్దుకుంటుంది. కాబట్టి అనుమానముంటే శబ్దాన్ని కాస్త వెనక్కే ఉంచండి.

మూడోవరస
అన్నీ చేశా. హెచ్‌డీఆర్‌లో విడిగా ఆపాల్సి రావడం నిజమే, అక్కడ ఆన్‌లోనే ఉంది. యుద్ధం సినిమా ఇప్పుడు సినిమాలా ఉంది. అడవి థ్రిల్లర్‌లో అడవి ఉందని తెలిసింది, వలయాలు మాత్రం అలాగే ఉన్నాయి. గూఢచారికి స్టీరియో ట్రాక్ పెట్టా, ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. వినపడనప్పుడే బాగుంది.

సెంటర్‌స్పీకర్
దానికి మా దగ్గర సెట్టింగ్ లేదు.

గుండ్రంచందమామ
కృష్ణుడు?

మూడోవరస
సన్నబడ్డాడు. కిరీటం మీది నెమలి పింఛం మాత్రం కొస తెగుతోంది.

గుండ్రంచందమామ
నాలుగు వైపులా కొద్దికొద్దిగా తెగుతోందా? అయితే ఓవర్‌స్కాన్, అంటే టీవీయే బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు దాచేయడం. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', సోనీలో 'ఫుల్ పిక్సెల్', శాంసంగ్‌లో 'ఫిట్ టు స్క్రీన్' ఆన్ చెయ్యి. పైనొక్కచోటే తెగితే అది ప్రింటు ఎక్కించినవాళ్ల పని.

మూడోవరస
నాలుగు వైపులా. ఇప్పుడు పింఛం మొత్తం ఉంది. వెనకాల మైకు నీడ కూడా ఉంది.